అయిదో అడుగు మీద కొల్లేరు

రెండు నదుల మధ్య ఒక సరస్సు. దానిలో చేప, దాని మీద పక్షి, దాని ఒడ్డున మనిషి. ముగ్గురికీ కావలసింది ఒకే నీరు. ఎవరి వాటా ఎక్కడిదాకా అన్నది తేల్చడానికి ప్రభుత్వం ఓ గీత గీసింది. పాతికేళ్లు దాటినా ఆ గీత మీద గొడవ తీరలేదు.

కొల్లేరు ఎంత పెద్దది? ఏలూరులో ఒకర్ని, కైకలూరులో ఇంకొకర్ని, ఆకివీడులో మరొకర్ని అడిగి చూడండి. మూడు జవాబులు వస్తాయి. చిత్రమేమిటంటే మూడూ నిజమే. మే నెలలో చూసినవాళ్లకి కొల్లేరంటే పశువులు మేసే గడ్డి మైదానం, మధ్యలో అక్కడక్కడా నీటి మడుగులు. భాద్రపదంలో చూసినవాళ్లకి అదే సముద్రం. రోడ్డు అంచుదాకా నీళ్లు, ఆ నీళ్లలో మెడవరకూ మునిగిన కరెంటు స్తంభాలు.

పెద్ద పళ్లెంలో నీళ్లు పోసినట్టుంటుంది ఈ సరస్సు. అంచులు నిటారుగా ఉండవు, వాలు కంటికి కనిపించదు. అందుకే ఇక్కడ ఒక్క అడుగు నీరు పెరిగినా ఊళ్లకు ఊళ్లు తేడా పడుతుంది. సముద్రమట్టానికి పదడుగుల ఎత్తుదాకా నీరు నిలిస్తే కొల్లేరు 901 చదరపు కిలోమీటర్లు. అయిదడుగుల దగ్గర ఆగితే 308. మూడడుగులకి దిగితే 135 మాత్రమే. ఇంజినీర్లు దీన్నే కాంటూరు అంటారు. కొల్లేటి లంకల్లో ఈ మాట తెలియని మనిషి ఉండడు. చదువు రానివాళ్లు కూడా ‘ప్లస్ ఫైవు’, ‘ప్లస్ త్రీ’ అని అలవోకగా అంటారు. అనరూ మరి! ఆ రెండింటి మధ్య తేడా రెండడుగులే, మోకాలెత్తు. కానీ నేల మీద కొలిస్తే 173 చదరపు కిలోమీటర్లు. ఎవరిది చెరువు, ఎవరిది అడవి, ఎవరు దొంగ, ఎవరు రైతు అన్నదంతా ఆ మోకాలెత్తులోనే తేలాలి.

రెండు డెల్టాల మధ్య కుండ

కృష్ణా, గోదావరి వేల ఏళ్లుగా మట్టి తెచ్చి సముద్రంలో పోస్తూ వచ్చాయి. అటు ఒక డెల్టా, ఇటు ఒక డెల్టా ముందుకి పెరిగాయి. మధ్యలో పల్లం మిగిలిపోయింది. ఒకప్పుడు ఇది సముద్రపు ఒడ్డునే ఉన్న ఉప్పునీటి మడుగు అనీ, తీరం వెనక్కి జరిగాక లోపల చిక్కుకుపోయిందనీ భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. ఇప్పుడు సముద్రం ఎక్కడో దూరాన ఉంది.

ఈ పల్లంలోకి మైలవరం కొండల నుంచి బుడమేరు వస్తుంది. ఖమ్మం వైపు నుంచి తమ్మిలేరు వచ్చి ఏలూరుని చుట్టుకుని దిగుతుంది. రామిలేరు, గుండేరు సరేసరి. ఇవికాక డెల్టా పొలాల్లో మిగిలిన నీటిని మోసుకొచ్చే మురుగు కాల్వలు. పెద్దవీ చిన్నవీ కలిపితే అరవైకి పైగా దారుల్లో నీరు లోపలికి వస్తుంది. బయటికి పోవడానికి మాత్రం ఒకటే దారి, ఉప్పుటేరు. వంకర్లు తిరుగుతూ అరవై కిలోమీటర్లకు పైగా నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది.

అంటే కొల్లేరు చేసే పని ఒక విధంగా చాలా మామూలుది. వానాకాలంలో పైనుంచి ఒక్కసారిగా వచ్చే నీటిని పట్టి ఉంచుకోవడం, తాపీగా ఉప్పుటేరులోకి వదలడం. ఈ పని చేసిపెట్టడానికి మనుషులు కడితే ఓ పెద్ద రిజర్వాయరు, దానికి గేట్లు, జీతాలు అన్నీ కావాలి. ప్రకృతి ఉచితంగా కట్టి ఇచ్చింది. ఉచితంగా వచ్చినదానికి లెక్క ఎవరు రాస్తారు?

ఉప్పుటేరు గురించి కొల్లేటికోటలో ఓ కథ చెబుతారు. గజపతుల కాలంలో సరస్సు నడుమ కోట ఉండేదట. చుట్టూ నీళ్లు. శత్రువుల సైన్యం చిగురుకోట దగ్గర విడిది చేసింది కానీ లోపలికి రాలేకపోయింది. దాంతో సరస్సునే ఎండగట్టాలని సముద్రందాకా కాలువ తవ్వారట. అదే ఉప్పుటేరు. నీరు తీసేస్తున్నారని తెలిసి కోటలోని సేనాని అమ్మవారికి కన్నకూతురినే బలి ఇచ్చాడనీ, ఆమె పేరు మీదే పేరంటాల కనుమ అన్న మాట మిగిలిందనీ చెప్పుకుంటారు. ఎంతవరకు చరిత్రో ఎంతవరకు కల్పనో గానీ, కొల్లేటిని గెలవాలంటే ముందు నీటిని తీసెయ్యాలన్న సంగతి మాత్రం ఆ కథ కట్టినవాళ్లకి బాగా తెలుసు. ఆ కోట లేదు. అక్కడి పెద్దింట్లమ్మ ఉంది. ఏటా ఫాల్గుణంలో జాతర జరుగుతుంది. చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం వస్తారు.

దోనెలు, మావుల కాలం

యాభై ఏళ్ల కిందటి కొల్లేరు గురించి పెద్దవాళ్లు చెబుతుంటే విన్నవాళ్లకి అది వేరే దేశంలా అనిపిస్తుంది. తాటి మొద్దుని తొలిచి చేసిన దోనెలే బళ్లూ సైకిళ్లూ. పిల్లలు బడికి వెళ్లాలన్నా, పెళ్లివారు తరలిరావాలన్నా దోనె కట్టాల్సిందే. వెదురుతో అల్లిన మావులు నీళ్లలో పెట్టి పొద్దున్నే తీస్తే కొర్రమీను, జెల్ల, ఇంగిలాయి, వాలుగ పడేవి. సంప్రదాయంగా వేట మీదే బతికిన వడ్డీ కుటుంబాలకి అదే జీతం, అదే జీవితం. ఎండాకాలంలో నీరు తగ్గి నేల బయటపడితే ఆ ఒండ్రులో వరి వేసేవాళ్లు. ఎరువు అక్కర్లేదు. పండితే పంట, తొందరపడి వరద వస్తే గంగపాలు. చేలూ చేపలూ వంతులేసుకుని ఒకే నేలని వాడుకునేవన్నమాట.

ఆ రోజులు బంగారమని మాత్రం ఎవరూ అనరు. వరద వస్తే ఇల్లు మునిగేది, ఎండ వస్తే తాగునీరు దొరికేది కాదు. పాముకాటుకి మందు వేయించాలన్నా దోనెలో గంటల ప్రయాణం. పేదరికం గట్టిగానే ఉండేది. ఆ పేదరికం చూసే 1976 ప్రాంతంలో, జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉండగా, ప్రభుత్వం మత్స్యకారులతో సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు తవ్వించింది. సరస్సులో గట్లు వేసి చేపలు పెంచడం అలా సర్కారు చేతుల మీదుగానే మొదలైంది. ఈ సంగతి చాలామంది మర్చిపోతారు. తరువాతి కాలంలో ఆక్రమణ అన్న మాట వినబడినప్పుడల్లా లంకల్లో పెద్దవాళ్లు గుర్తుచేసేది మాత్రం దీన్నే. మొదటి గట్టు వేయించింది ఎవరండీ అని.

సంఘాలకి అనుభవం లేదు, పెట్టుబడి లేదు. పిల్ల కొనాలి, తవుడూ చెక్కా కొనాలి, ఏడాదిపాటు ఆగాలి. అప్పులు పెరిగాయి. డబ్బున్నవాళ్లు బయటి నుంచి వచ్చి చెరువుల్ని లీజుకి తీసుకున్నారు. పేరు సంఘానిది, చెరువు పెట్టుబడిదారుది. 1990ల్లో ఇది జాతరలా సాగింది. బొచ్చె, శీలావతి చేపల్ని ఐసుపెట్టెల్లో సర్దుకుని లారీలు కలకత్తా దారి పట్టాయి. బెంగాలీ పళ్లెంలో చేప ముక్క కోసం కొల్లేటిలో పొక్లెయిన్లు తిరిగాయి. 2001 నాటి ఉపగ్రహ చిత్రాన్ని పరిశీలించిన శాస్త్రవేత్తలకి సరస్సులో వెయ్యికి పైగా చెరువులు లెక్కకొచ్చాయి. అవి ఆక్రమించిన మేర దాదాపు వంద చదరపు కిలోమీటర్లు. పై నుంచి తీసిన ఆ బొమ్మలో కొల్లేరు సరస్సులా లేదు, గళ్ల లుంగీలా ఉంది.

గట్టు వేస్తే ఏమవుతుంది? ఒక్క గట్టుకి ఏమీ కాదు. వెయ్యి గట్లు వేస్తే పళ్లెం పళ్లెంలా ఉండదు. పైనుంచి వచ్చిన నీరు పరుచుకోవడానికి చోటు చాలక వెనక్కి తన్ని ఎగువ ఊళ్ల పొలాల్ని ముంచుతుంది. చేపలకి వేసే కోళ్లపెంట, మందులు నీటిలో కలుస్తాయి. ఏలూరు, గుడివాడ, విజయవాడల మురుగు ఎలాగూ కాల్వల వెంట వచ్చి చేరుతోంది. ఆ ఎరువు తిని గుర్రపుడెక్క చాపలా పరుచుకుంటుంది. ఇటు ఎండాకాలంలో సరస్సు మట్టం బాగా తగ్గినప్పుడు ఉప్పుటేరు వెంబడి సముద్రపు నీరు ఎగదన్నుకొస్తుంది. పేరుకి మంచినీటి సరస్సు. లంకల్లో మాత్రం తాగునీటికి టిన్నుల కోసం చూసే పరిస్థితి.

జీవో వచ్చింది

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. అభయారణ్యం ప్రకటించే అధికారం అది రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. ముందు ఫలానా చోటుని అభయారణ్యం చెయ్యదలిచామని ప్రకటించాలి. అక్కడ ఎవరికి ఏ హక్కులున్నాయో కలెక్టరు విచారించాలి. వాటిని తేల్చాక తుది ప్రకటన. కొల్లేరుకి మొదటి ప్రకటన 1995లో వచ్చింది. తుది ప్రకటన 1999 అక్టోబరు 4న 120వ నంబరు జీవో రూపంలో వెలువడింది. +5 కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్లు, అంటే సుమారు 76 వేల ఎకరాలు అభయారణ్యం. సంప్రదాయ పద్ధతిలో వేట చేసుకోవచ్చు. గట్లు వేసి చెరువులు తవ్వకూడదు.

2002 ఆగస్టులో అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలల రాంసర్ జాబితాలో కొల్లేరు చేరింది. ఆ జాబితాలో రాసిన విస్తీర్ణం 90,100 హెక్టార్లు. పదడుగుల లెక్క అన్నమాట. ఒకే సరస్సు, ఒకే ప్రభుత్వం, మూడేళ్ల తేడాలో రెండు హద్దులు!

కాగితం మీద పని శుభ్రంగా జరిగింది. చిక్కంతా నేల మీదే. అయిదడుగుల కాంటూరు అంటే నీటి మట్టం. దానికి గోడ ఉండదు, కంచె ఉండదు. సర్వే చేసి రాళ్లు పాతితే తప్ప ఫలానా గట్టు లోపలుందో బయటుందో రైతుకీ తెలియదు, ఫారెస్టు గార్డుకీ తెలియదు. పైగా ఆ గీత లోపలంతా సర్కారు భూమి కూడా కాదు. తాతల నాటి జిరాయితీ పట్టాలున్న భూములే 15 వేల ఎకరాల దాకా ఉన్నాయి. ప్రభుత్వమే పేదలకి పంచిన డి-ఫారం పట్టాల భూములు మరో అయిదు వేల ఎకరాల పైమాటే. తహసీల్దారు సంతకంతో ఉన్న పట్టా చేతిలో ఉంది. అందులో చెరువు తవ్వితే అటవీశాఖ కేసు పెడుతుంది. భూమి నీదే గానీ అందులో నువ్వేం చెయ్యకూడదు అంటే ఎవరికైనా మింగుడుపడుతుందా? ఆ భూములు కొనేసి పరిహారం ఇచ్చేస్తే ఓ పద్ధతి. కాదంటే హద్దు నుంచి తప్పిస్తే ఓ పద్ధతి. రెండూ జరగలేదు. కొల్లేటి కథలో అన్నిటికన్నా పెద్ద లోపం ఇదే. గీత గీయడానికి చూపిన ఓపిక, ఆ గీత లోపల మిగిలిన మనుషుల లెక్క తేల్చడంలో ఎవరికీ లేకపోయింది.

పరిపాలన కూడా రెండు ముక్కలు. సరస్సులో కొంత కృష్ణా జిల్లా, కొంత పశ్చిమ గోదావరి. ఇద్దరు కలెక్టర్లు. నీరు ఇరిగేషనుది, చేప మత్స్యశాఖది, పక్షి అటవీశాఖది, భూమి రెవెన్యూది. ఏ శాఖకి ఆ శాఖ తన పని సవ్యంగా చేసినా సరస్సు పాడవుతుంది. ఎందుకంటే మత్స్యశాఖ లక్ష్యం చేపల దిగుబడి పెంచడం, అటవీశాఖ లక్ష్యం చెరువులు తగ్గించడం. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగాక కైకలూరు వైపు మండలాలు కూడా ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. సరస్సులో ఎక్కువ భాగం ఒకే కలెక్టరు కిందికి చేరడానికి అన్నేళ్లు పట్టింది.

గట్లు పేలిన వేసవి

జీవో వచ్చినా చెరువులు ఆగలేదు. రాజమండ్రికి చెందిన రచయిత, పర్యావరణవేత్త తల్లావజ్ఝల పతంజలి శాస్త్రి లాంటివాళ్లు కోర్టు మెట్లెక్కారు. 2001లో హైకోర్టు అభయారణ్యాన్ని సమర్థించింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ వచ్చి చూసి చెరువులన్నీ తొలగించాల్సిందేనని చెప్పింది. వై.ఎస్.రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా ‘ఆపరేషన్ కొల్లేరు’ మొదలైంది. 2005 చివర్లో ఆరంభించి 2006 వేసవి నాటికి చాలామటుకు పూర్తిచేశారు.

పోలీసు బందోబస్తు మధ్య పొక్లెయిన్లు దిగాయి. యంత్రం వెళ్లలేని చోట పేలుడు పదార్థాలు పెట్టారు. చెరువు మీద చెరువు, గట్టు మీద గట్టు తెగింది. దేశంలో ఒక సరస్సు కోసం ఇంత పెద్ద ఎత్తున ఆక్రమణలు తొలగించిన సందర్భాలు బహు తక్కువ. ఒక ప్రభుత్వం తలుచుకుంటే చేయగలదని రుజువైంది కూడా. ఆ ఏడాది వానలకి నీరు అడ్డులేకుండా పరుచుకుంటే చూడ్డానికి వెళ్లినవాళ్లున్నారు.

నష్టం అందరికీ ఒకేలా జరగలేదు. లీజుదారు లారీలో వలలు సర్దుకుని గీత బయట ఇంకో చెరువు చూసుకున్నాడు. సంఘం పేరు మీద అప్పున్న మత్స్యకారుడు ఎక్కడికీ పోలేకపోయాడు. గట్ల మీద కాపలా కాసి, మేత వేసి, పట్టుబడి రోజున వల లాగి కూలి తీసుకున్న కుటుంబాలకి ఆ పని పోయింది. తిరిగి మావులు పట్టుకుందామంటే ముప్పై ఏళ్లు చెరువులు నడిచిన నీటిలో ఆ పాత చేప అంత సులువుగా తిరిగి రాదు. ప్రత్యామ్నాయ ఉపాధి అన్నారు. కొన్ని పథకాలు వచ్చాయి, చాలా వరకు మాటల దగ్గరే ఆగాయి. పక్షికి స్థలం దొరికింది గానీ పక్కింటి మనిషికి పని దొరకలేదు. ఖాళీగా ఉన్న చోట మళ్లీ రాత్రిపూట గట్లు లేవడానికి అదే మొదటి కారణం. రెండో కారణం, చేపల ధర. ఏళ్లు గడిచేకొద్దీ తెంచిన చోటనే చెరువులు తిరిగి తలెత్తాయి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా కొంచెం ఎక్కువగా.

మూడా, అయిదా?

ఈ నేపథ్యంలోనే హద్దుని +5 నుంచి +3కి తగ్గించమన్న డిమాండు పుట్టింది. 2008లో శాసనసభ ఏకంగా తీర్మానమే చేసింది. తగ్గిస్తే పట్టా భూములు చాలావరకు బయటపడతాయి, జనానికి ఊరట దొరుకుతుంది అన్నది వాదన. నిజమే, ఊరట దొరుకుతుంది. కానీ అభయారణ్యం ప్రకటించడం రాష్ట్రం చేతిలో ఉన్నంతగా దాన్ని తగ్గించడం ఉండదు. జాతీయ వన్యప్రాణి మండలి సిఫార్సు లేకుండా హద్దు మార్చడానికి వీల్లేదని చట్టం చెబుతోంది. సుప్రీంకోర్టు అనుమతి మరో గడప. కేంద్రం కోయంబత్తూరులోని సలీం అలీ పక్షిశాస్త్ర కేంద్రానికి చెందిన పి.ఎ.అజీజ్ నాయకత్వంలో ఓ కమిటీ వేసింది. ఆ కమిటీ తగ్గించొద్దంది.

ఎందుకంటే పక్షుల విషయంలో కొల్లేటి ప్రాణమంతా ఆ రెండడుగుల్లోనే ఉంది. సరస్సు నడిబొడ్డున లోతు ఎక్కువ. కొంగ అక్కడ నిలబడలేదు, దాని కాళ్లు అందవు. నత్తగుల్ల కొంగ నత్తల్ని ఏరుకోవాలన్నా, ఎర్రకాళ్ల కొంగ ముక్కు నీటిలో ముంచి చేపని తడుముకోవాలన్నా జానెడు, మూరెడు నీళ్లే కావాలి. శీతకాలంలో ఉత్తరాది నుంచి వచ్చే సూదితోక బాతులు తలకిందులుగా మునిగి అడుగున మేత తింటాయి. వాటికీ లోతు పనికిరాదు. తుంగ, కిక్కిస మొలిచేదీ, చేప గుడ్డు పెట్టేదీ అంచు నీటిలోనే. పైకి చూస్తే అది పనికిమాలిన బురద. పక్షికి అదే వంటిల్లు. మూడడుగులకి గీత జరిపితే నడిమి గది మిగుల్తుంది, వంటిల్లు పోతుంది.

పక్షుల సంగతి సరే, మనుషుల సంగతి? 2024 సెప్టెంబరు 1న విజయవాడ దానికి జవాబు చూసింది. బుడమేరుకి గండ్లు పడి సింగ్‌నగర్ ప్రాంతంలో మేడల మీద జనం రోజుల తరబడి చిక్కుకున్నారు. ఆ బుడమేరు నీరంతా చివరికి వెళ్లాల్సింది కొల్లేరుకే. విజయవాడ ముంపుకి కారణాలు చాలా ఉన్నాయి. నదీగర్భంలో ఇళ్లు, గండ్లు, కుండపోత వాన. అన్నీ కొల్లేటి చెరువుల మీదికి తోసేస్తే న్యాయం కాదు. అయినా కింద పళ్లెం నిండి ఉంటే పైనున్న నీరు తొందరగా దిగదన్నది చిన్నపిల్లలకీ అర్థమయ్యే లెక్క. ఆ తరవాతి రోజుల్లో అదే నీరు కొల్లేటి లంకల్ని చుట్టుముట్టింది. ఏలూరు-కైకలూరు రోడ్డు మీద చినఎడ్లగాడి దగ్గర నీరు ఎక్కి రాకపోకలు ఆగాయి. విజయవాడ వరద టీవీలో వచ్చినంతగా లంకల వరద రాలేదు.

ఇనప చెట్ల మీద గూడబాతులు

ఇంత గొడవ మధ్య కొల్లేరు చూడముచ్చటైన చోటే. ముఖ్యంగా కైకలూరు పక్కన ఆటపాక. నవంబరు నుంచి మార్చి మధ్య ఇక్కడికి వస్తే గూడబాతుల్ని చూడొచ్చు. పొలాల్లో నీరు తోడే గూడ గుర్తుందా? ఈ పక్షి ముక్కు కింద వేలాడే సంచీ అచ్చం అలాగే ఉంటుంది. ఆ సంచీతో నీటితో సహా చేపని ఎత్తి, నీరు పిండేసి చేపని మింగుతుంది. గాలిలో ఉన్నప్పుడు ఇంత బరువైన పక్షి అంత తేలిగ్గా ఎలా ఎగురుతోందా అనిపిస్తుంది.

వచ్చిన ప్రతివాళ్లూ పడవ నడిపేవాళ్లని అడిగే ప్రశ్న ఒకటే: సైబీరియా నుంచి వచ్చాయా? కాదు. పత్రికలు ఎన్నో ఏళ్లు అలా రాశాయి కాబట్టి జనానికి అలా నాటుకుపోయింది. మచ్చల ముక్కు ఉన్న ఈ గూడబాతు మన దక్షిణాసియా పక్షే. ఇక్కడే పుట్టి, ఇక్కడే గూడు కట్టి, ఇక్కడే పిల్లల్ని పెంచుతుంది. దూరదేశాల నుంచి వచ్చేవి చిన్న బాతులు, ఉల్లంకి పిట్టల్లాంటివి. బొమ్మలో అందంగా పడవు కాబట్టి వాటి ఊసు ఎవరూ ఎత్తరు.

గూడబాతులు చెట్ల మీద గుంపులుగా గూళ్లు కడతాయి. 1940ల్లో తాడేపల్లిగూడెం దగ్గర ఆరేడు అనే ఊళ్లో ఇళ్ల మధ్య చెట్ల మీదే ఇవి గూళ్లు కట్టేవి. పక్షిశాస్త్రవేత్త కె.కె.నీలకంఠన్ వాటిని గమనించి రాస్తే అప్పుడు లోకానికి తెలిసింది. ఊరివాళ్లు వాటిని వేటాడేవాళ్లు కాదు. ఆ తరువాతి దశాబ్దాల్లో ఆ స్థావరం ఖాళీ అయిపోయింది. ఇప్పుడు ఆటపాకలో చెట్లు చాలవు కాబట్టి అటవీశాఖ నీటిలో ఇనప స్టాండ్లు నిలబెట్టింది. వాటి మీద పుల్లలు పేర్చుకుని పక్షులు కాపురం పెట్టాయి. దూరం నుంచి చూస్తే కరెంటు సబ్‌స్టేషన్లో పక్షులు కూర్చున్నట్టుంటుంది. అందంగా లేదని కొందరంటారు. పక్షికి మాత్రం అభ్యంతరం ఉన్నట్టు లేదు.

అయితే గూడబాతు కాంటూరు చూసుకుని ఎగరదు. గూడు అభయారణ్యంలో, భోజనం ఎక్కడ దొరికితే అక్కడ. గీత బయట చేపల చెరువుల మీద వాలితే రైతుకి నష్టం. అందుకే చెరువుల మీద తీగలు లాగుతారు, వలలు కడతారు, టపాసులు కాలుస్తారు. పక్షికి తెలియని హద్దు గీసి, అది దాటినందుకు దాన్నే తరుముతున్నామన్నమాట.

ఇప్పుడేం జరుగుతోంది

చేయాల్సిన పనుల జాబితా ఎప్పటి నుంచో ఉంది. హద్దు సర్వే చేసి రాళ్లు పాతాలి. జిరాయితీ రైతులకి పరిహారమో ప్రత్యామ్నాయమో తేల్చాలి. పట్టణాల మురుగుని శుద్ధి చేశాకే వదలాలి. ఉప్పుటేరులో పూడిక తియ్యాలి. దాని మీద రెగ్యులేటర్లు కట్టాలి. అవి కడితే వేసవిలో సరస్సులో నీరు నిలుస్తుంది, సముద్రపు నీరు ఎగదన్నదు. ఈ చివరి ప్రతిపాదన దశాబ్దాల నాటిది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా అంచనాలు మారుతూ వచ్చాయి. ఇందులో మొదటి రెండూ అయితేగానీ మిగతావి కదలవు. ఎవరి భూమి ఏదో తేలని చోట ఏ గట్టు తెంచినా కోర్టు కేసే.

2025లో కేంద్ర సాధికార కమిటీ మరోసారి కొల్లేటికి వచ్చింది. లంక గ్రామాల జనం అర్జీలు పట్టుకుని నిలబడ్డారు. 2006లో గట్లు తెగడం చూసిన పిల్లలు ఈసారి అర్జీలిచ్చే వయసుకొచ్చారు. అర్జీల్లో రాసింది పాత సంగతే: పట్టా మాది, సరస్సు మీది, మధ్యలో గీత ఎక్కడో చూపించండి.

చూడ్డానికి వెళ్లాలనుకుంటే విజయవాడ నుంచి గుడివాడ మీదుగా భీమవరం వెళ్లే రైలెక్కి కైకలూరులో దిగాలి. అక్కణ్నుంచి ఆటపాకకి ఆటోలుంటాయి. ఏలూరు నుంచి రోడ్డు మీద వస్తే దారిలోనే సరస్సు మధ్యగా ప్రయాణం. పొద్దున్నే ఆరింటికి, లేదా సాయంత్రం నాలుగు దాటాక అయితే పక్షులు గూళ్ల దగ్గర ఉంటాయి. ముదురు రంగు బట్టలు, చప్పుళ్లు వద్దు. బైనాక్యులర్సు ఉంటే తీసుకెళ్లండి. రోడ్డుకి ఒక పక్క గుర్రపుడెక్క పూలు, మరో పక్క చేపల చెరువుల గట్లు కనిపిస్తాయి. వాటిలో ఏది గీతకి లోపల, ఏది బయట అన్నది చెప్పే రాయి మాత్రం చాలాచోట్ల కనిపించదు.